బొంగురు గొంతు: మాట, మూలం, మందు (తరచుగా అడిగే ప్రశ్నలు)

జలుబు చేసినా, పెళ్ళింట్లో రాత్రంతా కబుర్లు చెప్పుకున్నా, ఎన్నికల ఊరేగింపులో జేజేలు కొట్టినా మర్నాడు పొద్దున్నే ఇంట్లోవాళ్ళు అడిగేది ఒకటే: "ఏంటి, గొంతు బొంగురుపోయింది?" ఈ మాట గురించీ, దానికి చుట్టాల్లాంటి మరికొన్ని మాటల గురించీ, ఆ గొంతు వెనక ఒంట్లో ఏం జరుగుతుందనే దాని గురించీ ఎక్కువగా వచ్చే ప్రశ్నలకు జవాబులివి. తెలుగులో గొంతు పాడైన తీరుని బట్టి ఒక్కోదానికి ఒక్కో పేరుంది. వాటన్నిటినీ కలిపేసి ఒకటే అనుకోవడం నాకు బాధగా ఉంటుంది, అందుకే మాటల దగ్గర కాస్త ఎక్కువసేపు ఆగాను.

బొంగురు అంటే సరిగ్గా ఏమిటి?

స్పష్టంగా పలకాల్సిన గొంతు మందంగా, గరుకుగా, మధ్యమధ్య గాలి కలిసి పలకడం. ఈ మూడూ ఉంటేనే బొంగురు. కాస్త పైకెత్తి మాట్లాడదామంటే గొంతు లేవదు. పక్కగదిలో ఉన్నవాళ్ళని "అమ్మా" అని పిలిస్తే "అ" వరకే వినిపించి మిగతాదంతా గాలిగా పోతుంది. దీనికి పూర్తిగా ఎదురుగా ఉండేది కీచుగొంతు: సన్నగా, పైస్థాయిలో, చెవికి గుచ్చుకునేలా ఉంటుంది. కాకిగొంతు అనేది వేరే. అది వినసొంపుగా లేదని వెక్కిరించడమే తప్ప అందులో మందం, గాలి ఉండాలని లేదు.

"బొంగురు గొంతు", "గొంతు బొంగురుపోయింది", ఈ రెండిటికీ తేడా ఉందా?

ఉంది, పెద్ద తేడాయే. "వాళ్ళ మామయ్యది బొంగురు గొంతు" అంటే ఆయన గొంతు తీరే అంత, ఎప్పుడూ అలాగే ఉంటుంది. "మామయ్య గొంతు బొంగురుపోయింది" అంటే మొన్నటిదాకా బాగానే ఉండేది, ఇప్పుడు చెడింది. ఆ తేడా తెస్తున్నది చివరనున్న "పోవు". వాడిపోవు, పాచిపోవు, చివికిపోవు వరసలో చేరి, ఉన్న గుణం పోయిందని చెబుతుంది. డాక్టరు దగ్గరికి వెళ్ళినప్పుడు ఈ రెంటిలో ఏది అన్నామనే దాన్ని బట్టి ఆయన అడిగే తర్వాతి ప్రశ్న మారిపోతుంది.

ఇది తెలుగు మాటేనా, సంస్కృతం నుంచి వచ్చిందా?

తెలుగు మాటే, దేశ్యం. సంస్కృతంలో ఈ అర్థానికి ఉన్నవి స్వరభేదం, ఘర్ఘరం, గద్గదం లాంటివి. వాటిలో దేన్నుంచీ బొంగురు రాదు.

వెదురు బొంగుకీ బొంగురుకీ సంబంధం ఉందా?

పక్కపక్కన పెట్టి చూడగానే ఉందనిపిస్తుంది. బొంగు లోపల డొల్ల, బొంగురు గొంతు కూడా డొల్లగా పలుకుతుంది కదా అని. నేనీ పోలికను నమ్మను. వెదురులోంచి వచ్చే నాదమంటే మనకు ముందు గుర్తొచ్చేది పిల్లనగ్రోవి, దానికంటే నునుపైన ధ్వని లేదు. వినడానికి ఒకేలా ఉన్నాయని మాటలకు చుట్టరికం కలిపేస్తే బొంగరాన్ని కూడా ఇదే ఇంట్లోకి తెచ్చుకోవాల్సి వస్తుంది.

నాకు ఎక్కువ నచ్చే దారి ధ్వనిది. గొంతు పాడవడం గురించి చెప్పే మాటల్ని బయటికి పలికి చూడండి: బొంగురు, గరగర, గురక, గురగుర. సంస్కృతంలో ఘర్ఘర. కన్నడంలో గొగ్గరు. తమిళంలో కరకరప్పు. అన్నిటిలోనూ గొంతు లోపలినుంచి పుట్టే కవర్గం అక్షరం ఒకటి, దాని వెంట నాలుకను ఆడించే "ర" ఒకటి. గొంతు చేసే పనినే మాట కూడా చేస్తోంది. బొంగురులో ముందున్న "బొం" ఆ మందాన్ని తెస్తుంది, మూసిన పెదవుల వెనక గాలి నిండినట్టుగా. ఈ మాట ఇలాంటి ధ్వన్యనుకరణలోనే ఊపిరి పోసుకుందని నా అభిప్రాయం.

జీరగొంతు, బొంగురు గొంతు ఒకటేనా?

కాదు. ఈ పేజీ రాయడానికి ముఖ్య కారణం ఈ ప్రశ్నే.

జీర అంటే గీత, చార. నిద్రలేని కళ్ళల్లో "ఎర్రజీరలు" అంటాం. గొంతులో జీర అన్నప్పుడూ ఆ సన్నదనమే వినిపిస్తుంది. గొంతంతా పాడవలేదు, శుభ్రంగా పలుకుతున్న స్వరం మీద ఒక సన్నటి గరుకు చార పడింది. జీరగొంతుతో పాట పాడొచ్చు, అందంగానే ఉంటుంది. బొంగురుతో పాడాలంటే కష్టం, గొంతు లేవదు కాబట్టి. "ఏడ్చి ఏడ్చి గొంతు జీరపోయింది" అంటే మాట ఇంకా అర్థమవుతూనే ఉంది, ఆ జీర వల్ల విన్నవాళ్ళకు గుండె కలుక్కుమంటుంది. అదే చోట "బొంగురుపోయింది" అని రాస్తే దుఃఖం తగ్గి జలుబు గుర్తొస్తుంది. కథలు రాసేవాళ్ళు ఈ రెంటి మధ్యా ఎంచుకునేటప్పుడు ఒక్క నిమిషం ఆగాలని నా కోరిక.

మరి గద్గదం?

గద్గదం జబ్బు కాదు, ఉద్వేగం. దుఃఖమో, ఆనందమో, భక్తో పొంగుకొచ్చి గొంతుకు అడ్డుపడుతుంది, మాట ముక్కలుముక్కలుగా వస్తుంది. "గద్గద స్వరంతో" అని పేపర్లో చదువుతూనే ఉంటాం. పాత కావ్యాల తెలుగులో దీనికి డగ్గుత్తిక అనే చక్కటి మాట ఉంది. ఇప్పుడెవరూ వాడరు. ఇంట్లో మనం అనేది "గొంతు పూడుకుపోయింది" అనే. గద్గదం ఆ క్షణం దాటగానే పోతుంది, మంచినీళ్ళు తాగితే మాట సర్దుకుంటుంది. రెండ్రోజులు ఉండిపోతే అది గద్గదం కాదు.

గరగర?

బయటికి వినిపించే దానికంటే లోపల అనిపించేది. "గొంతులో గరగరగా ఉంది" అన్నప్పుడు స్వరం బాగానే ఉండొచ్చు, మింగేటప్పుడు మాత్రం ఏదో గీసుకున్నట్టుంటుంది. చాలాసార్లు ఇది ముందుగా వచ్చి, బొంగురు మర్నాడు వస్తుంది.

స్వరభేదం అని శాస్త్రాల్లో చెప్పేది ఇదేనా?

రెండు శాస్త్రాల్లో రెండు రకాలుగా ఉంది.

నాట్యశాస్త్రంలో స్వరభేదం ఎనిమిది సాత్విక భావాల్లో ఒకటి. స్తంభం, స్వేదం, రోమాంచం, స్వరభేదం, వేపథువు, వైవర్ణ్యం, అశ్రువు, ప్రలయం. కూచిపూడి నేర్చుకునే పిల్లలు ఈ వరస అప్పజెబుతారు. ఇక్కడ స్వరభేదం భయం, సంతోషం, కోపం లాంటి వాటివల్ల గొంతు మారడం. మన గద్గదానికి దగ్గర.

ఆయుర్వేదంలో అది రోగం. సుశ్రుత సంహిత ఉత్తరతంత్రంలో స్వరభేదానికి ఒక అధ్యాయమే ఉంది. వాతం, పిత్తం, కఫం, మూడు దోషాలూ కలిసినది, క్షయం, మేదస్సు అని ఆరు రకాలు చెప్పారు. కారణాల్లో మొట్టమొదట చెప్పింది అత్యుచ్చ భాషణం, అంటే గట్టిగట్టిగా మాట్లాడటం. తర్వాత విషం, బిగ్గరగా చేసే అధ్యయనం, గొంతుకు తగిలిన దెబ్బ. వల్లెవేసే విద్యార్థి గొంతు పోతుందని అంత పాతకాలంలోనే గమనించి రాసిపెట్టారంటే చదివినప్పుడల్లా నాకు గౌరవం కలుగుతుంది. చాలాకాలంగా ఉండిపోయిన స్వరభేదం, పుట్టుకతో వచ్చినది నయం కావడం కష్టమని కూడా అందులోనే ఉంది.

పక్క భాషలవాళ్ళు ఏమంటారు?

హిందీలో "గలా బైఠ్ గయా", గొంతు కూర్చుండిపోయింది అంటారు. మలయాళంలో ఒచ్చయడప్పు, అంటే శబ్దం మూసుకుపోవడం. కన్నడ గొగ్గరు, తమిళ కరకరప్పు పైన చెప్పినవే. తమిళంలో కమ్మల్ అని కూడా ఉంది.

సినిమావాళ్ళు "హస్కీ వాయిస్" అంటారు. అది బొంగురేనా?

తెలుగులో ఆ మాట వాడే తీరు చూస్తే జీరకే దగ్గర, కాకపోతే అందులో కాస్త మత్తు కూడా కలిపి వాడతారు. ఎల్.ఆర్. ఈశ్వరి గారి పాటలు విని "హస్కీ" అంటారు తప్ప బొంగురు అనరు, అనకూడదు కూడా. ఆ గొంతు ఎంత పైకైనా వెళ్ళేది.

ఇంగ్లీషులో దీని పుట్టుక హస్క్, అంటే ధాన్యం మీద పొట్టు. ఎండిన పొట్టులా పొడిగా ఉన్న గొంతు అని అర్థం. మంచులో బండి లాగే హస్కీ కుక్కకు దీంతో సంబంధం లేదు. ఆ పేరు ఎస్కిమో అనే మాట నలిగి వచ్చింది. ఇంగ్లీషులో బొంగురుకు సరిగ్గా సరిపోయే మాట హోర్స్, గుర్రం అన్న మాటలాగే వినిపిస్తుంది కానీ స్పెల్లింగు వేరు. పాత ఇంగ్లీషులో అది "హాస్", అందులో "ర" లేదు. మధ్యయుగాల్లో ఎక్కడినుంచో వచ్చి చేరింది. పైన "ర" గురించి నేను చెప్పింది గుర్తున్నవాళ్ళు ఇక్కడ కాస్త ముచ్చటపడొచ్చు.

అసలు గొంతు ఎందుకు బొంగురుపోతుంది?

గొంతుముడి వెనక స్వరపేటిక ఉంటుంది. అందులో రెండు స్వరతంత్రులు. తంత్రులు అన్నారు గానీ అవి తీగలు కావు, రెండు పక్కలా ఉన్న మెత్తటి మడతలు. ఊపిరి తీసుకునేటప్పుడు విడిపోతాయి, మాట్లాడేటప్పుడు దగ్గరికొచ్చి ఒకదానికొకటి తగులుతూ అదురుతాయి. మగవాళ్ళలో సెకనుకు సుమారు 100 నుంచి 125 సార్లు, ఆడవాళ్ళలో 200 సార్లు పైచిలుకు. ఈ అదురు రెండువైపులా సమానంగా ఉండి, తగిలినప్పుడు పూర్తిగా మూసుకుంటే గొంతు శుభ్రంగా పలుకుతుంది.

జలుబుతో అవి వాస్తే బరువెక్కి నెమ్మదిగా అదురుతాయి, అదే మందం. ఒకటి ఒకలా, ఇంకొకటి ఇంకోలా అదిరితే గరుకు. మధ్యలో సందు మిగిలితే గాలి. మొదటి జవాబులో చెప్పిన మూడు గుణాలు ఇవే.

ఎక్కువమందికి కారణం వైరస్ వల్ల వచ్చే వాపు. వారం పది రోజుల్లో దానంతటదే తగ్గుతుంది, యాంటీబయాటిక్స్‌తో పని ఉండదు. ఆ తర్వాతిది అరవడం. ఇంకా చాలా ఉన్నాయి: సిగరెట్, బీడీ, పొట్టలోని యాసిడ్ రాత్రిపూట గొంతుదాకా ఎగదన్నడం, థైరాయిడ్ తక్కువ కావడం, ఆస్తమాకు వాడే స్టెరాయిడ్ ఇన్‌హేలర్. ఇన్‌హేలర్ పీల్చాక నోరు పుక్కిలిస్తే చాలావరకు ఇబ్బంది ఉండదు. దానికోసం మందు మానేయొద్దు.

ఒక కారణం మాత్రం విడిగా చెప్పాలి. ఎడమ స్వరతంత్రిని కదిలించే నరం మెదడు నుంచి దిగి గొంతు దగ్గర ఆగదు. ఛాతీలోకి వెళ్ళి, గుండె నుంచి వచ్చే పెద్ద ధమని కిందుగా తిరిగి, మళ్ళీ పైకెక్కి గొంతుకు వస్తుంది. అందుకే ఊపిరితిత్తి మీద గడ్డ ఉన్నా, ఆ ధమని ఉబ్బినా మొదట తెలిసేది గొంతు బొంగురుపోవడంతో కావచ్చు. థైరాయిడ్ ఆపరేషన్ తర్వాత కొందరికి గొంతు మారడానికి కారణమూ ఈ నరాలే, అవి ఆ గ్రంథిని ఆనుకునే వెళ్తాయి.

టీచర్లకే ఎందుకు ఎక్కువ?

మైకు లేదు, సెలవు లేదు, ఫ్యాను చప్పుడు పైన ఉంది. మధ్యాహ్నం భోజనం తర్వాత పిరియడ్లో అరవైమంది పిల్లలున్న గది ఊహించుకోండి. వెనక బెంచీకి వినపడాలంటే గొంతు పెంచాలి. పెంచితే పిల్లలూ పెంచుతారు. నికరంగా రెండు గంటలు మాట్లాడిన టీచరమ్మ స్వరతంత్రులు ఒకదానికొకటి 14 లక్షల సార్లకు పైగా తగిలి ఉంటాయి. గునపం పట్టిన చేతికి కాయలు కాసినట్టు, ఆ మడతలు బలంగా తగిలే చోట రెండువైపులా చిన్నచిన్న బుడిపెలు వస్తాయి. వీటిని నాడ్యూల్స్ అంటారు. పాటలు పాడేవాళ్ళకూ, బస్టాండ్లలో ఊళ్ళపేర్లు అరిచేవాళ్ళకూ, బండిమీద కూరగాయలు అమ్మేవాళ్ళకూ వస్తాయి.

నాడ్యూల్స్ అనగానే ఆపరేషన్ అని టెన్షన్ పడతారు. చాలామందికి గొంతుకు విశ్రాంతి, స్పీచ్ థెరపిస్ట్ దగ్గర మాట్లాడే పద్ధతి మార్చుకోవడంతోనే తగ్గుతాయి. స్కూళ్ళలో ఒక చిన్న మైకు సెట్టు ఇస్తే ఈ బాధలో సగం అసలు రాదు. గొంతు పోగొట్టుకోవడం ఉద్యోగంలో భాగమన్నట్టు మనం ఊరుకోవడం తప్పని నా గట్టి నమ్మకం.

పద్య నాటకాల వాళ్ళు కరక్కాయ బుగ్గన పెట్టుకుంటారు. పనిచేస్తుందా?

మైకులు రాకముందు తెల్లవార్లూ ఆట ఆడి, పద్యం చివర రాగం తీసి, "వన్స్‌మోర్" అంటే మళ్ళీ పాడిన గొంతులవి. హరికథ చెప్పేవాళ్ళదీ అదే కష్టం. కరక్కాయ, అతిమధురం, మిరియాల పాలు, తమలపాకులో మిరియం, ఇవన్నీ వాళ్ళనుంచి ఇళ్ళల్లోకి వచ్చిన అలవాట్లే, ఇళ్ళనుంచి వాళ్ళకూ వెళ్ళాయి.

ఒక సంగతి తెలిసి వాడుకుంటే మంచిది. మనం మింగేదేదీ, పుక్కిలించేదేదీ స్వరతంత్రులను తాకదు. తాకితే వెంటనే పొలమారి దగ్గు వస్తుంది. కరక్కాయ వగరుకు లాలాజలం ఊరుతుంది, గొంతు తడిగా ఉంటుంది, గరగర తగ్గుతుంది. పాలలోని వెచ్చదనం హాయినిస్తుంది. ఉప్పునీళ్ళు గొంతు నొప్పికి పనికొస్తాయి. వాపుకు నేరుగా మందు మాత్రం కావు. ఆవిరి లోపలిదాకా వెళ్తుంది కాబట్టి పొడిదనానికి మేలు. పిల్లలకు పట్టేటప్పుడు వేడినీళ్ళ గిన్నె దగ్గర జాగ్రత్త. అతిమధురం రోజూ ఎక్కువగా నమిలితే బీపీ పెరుగుతుంది, బీపీ ఉన్నవాళ్ళు దూరంగా ఉండాలి.

అన్నిటికంటే బాగా పనిచేసేవి రెండు: తరచూ గుక్కెడు నీళ్ళు, మాట్లాడకుండా ఉండటం. రెండోది మన ఇళ్ళల్లో చాలా కష్టం. చూడ్డానికి వచ్చిన ప్రతివాళ్ళూ "ఏమైంది గొంతుకి?" అని అడిగి జవాబు చెప్పిస్తారు.

గుసగుసగా మాట్లాడితే గొంతుకు విశ్రాంతి కదా?

అనిపిస్తుంది గానీ కాదు. బలవంతంగా గుసగుసలాడేటప్పుడు చాలామంది గొంతు కండరాల్ని ఇంకా బిగిస్తారు. మాట్లాడక తప్పకపోతే దగ్గరగా వెళ్ళి, మెల్లగా, మామూలు స్వరంతోనే మాట్లాడండి. అస్తమానం గొంతు సవరించుకోవడం కూడా తగ్గించాలి, ఆ ఖళ్ మన్న ప్రతిసారీ మడతలు గట్టిగా కొట్టుకుంటాయి. సవరించుకోవాలనిపిస్తే ఒక గుక్క మింగండి.

మా అబ్బాయికి పద్నాలుగేళ్ళు, గొంతు బొంగురుగా మారింది. చూపించాలా?

అది గొంతు మారే వయసు. స్వరపేటిక పెరిగి తంత్రులు పొడుగై, అబ్బాయిల స్వరం సుమారు ఒక స్థాయి కిందికి దిగుతుంది. కొన్ని నెలలపాటు మాట మధ్యలో గొంతు ఎగిరిపడుతుంది, ఒక్కోసారి కీచుమంటుంది. ఆడపిల్లల గొంతూ మారుతుంది గానీ కొద్దిగా, బయటివాళ్ళకు తెలియనంత. వెక్కిరించకుండా ఉంటే చాలు. ఆ నెలల్లో నలుగురు నవ్వారని పాడటం మానేసిన పిల్లలు చాలామంది ఉంటారు.

డాక్టరుకు ఎప్పుడు చూపించాలి?

బొంగురు 3 వారాలు దాటి ఉంటే ఈఎన్‌టీ డాక్టరు దగ్గరికి వెళ్ళాల్సిందే. పొగ తాగేవాళ్ళు, గుట్కా నమిలేవాళ్ళు, మద్యం అలవాటున్నవాళ్ళు ఇంకా ఆలస్యం చేయకూడదు. స్వరపేటిక క్యాన్సర్ స్వరతంత్రి మీద మొదలైతే గొంతు మార్పుతో చాలా తొందరగా బయటపడుతుంది, ఆ దశలో నయమయ్యే అవకాశం ఎక్కువ. ఆ అవకాశాన్ని "పొగతాగే గొంతు అంతేలే" అని చేజార్చుకుంటారు, అదే నాకు దిగులు.

ఊపిరి తీసుకోవడం కష్టమైనా, మింగలేకపోయినా, దగ్గితే రక్తం పడినా, మెడలో గడ్డ తగిలినా 3 వారాలు ఆగొద్దు. బొంగురుతోపాటు సాయంత్రపు జ్వరం, బరువు తగ్గడం ఉంటే టీబీ కూడా చూడాలి, టీబీ స్వరపేటికకూ వస్తుంది.

అక్కడ ఏం చేస్తారు? నొప్పిగా ఉంటుందా?

సన్నటి కెమెరా గొట్టాన్ని ముక్కులోంచి గానీ నోట్లోంచి గానీ పంపి "ఈ" అనమంటారు. కొంచెం వికారంగా ఉంటుంది, కొద్ది నిమిషాల్లో అయిపోతుంది. తెరమీద మీ స్వరతంత్రులు కదలడం మీరే చూడొచ్చు.

పలుకుతున్న తన స్వరతంత్రుల్ని తానే చూసుకోగలిగిన మాన్యుయెల్ గార్సియా డాక్టరు కాదు, సంగీతం మాస్టారు. 1854లో ఆ స్పెయిన్ గురువు పళ్ళడాక్టర్లు వాడే చిన్న అద్దాన్ని గొంతులో పెట్టుకుని, ఇంకో అద్దంతో ఎండను లోపలికి మళ్ళించి, తన గొంతు పలుకుతుండగా చూశాడు. మరుసటి ఏడు లండన్‌లో రాయల్ సొసైటీకి ఆ సంగతి రాసి పంపాడు. ఈనాటి కెమెరా గొట్టం ఆ అద్దం దారిలో వచ్చిందే.

స్వరానికి ఒక రోజు ఉందట?

ఏప్రిల్ 16. బ్రెజిల్‌లో 1999లో మొదలై ఇప్పుడు ప్రపంచమంతా జరుపుతున్నారు. ఆ వారంలో కొన్ని ఆసుపత్రులు ఉచితంగా గొంతు పరీక్షలు పెడతాయి.

రాసేటప్పుడు "బొంగురుపోయింది" కలిపి రాయాలా, విడగొట్టాలా?

కలిపే రాయాలి, అది ఒకే క్రియ. "బొంగురు గొంతు"లో మాత్రం విడిగా ఉంచితే చదవడానికి హాయి. కొందరు "బొంగూరు" అని దీర్ఘం ఇస్తున్నారు, అది తప్పు. "బొంగురు పడింది" అనడమూ నాకు నచ్చదు. జలుబు పడుతుంది, గొంతు బొంగురుపోతుంది.